బకెట్ మీద కోపం లేదు, దాని వాషర్ మీదే

పులియబెట్టడానికి పది లీటర్ల తెల్ల బకెట్, కింద కుళాయి, మూతకి లోపలి గాలిని బయటికి వదిలి బయటి గాలిని రానివ్వని ఎయిర్‌లాక్. మిగతా వివరాలు అమ్మేవాళ్లే రాస్తారు. మా పర్లాకిమిడి బజారులో నాకు కనబడక ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. టీని పులియబెట్టి చేసే కొంబుచాకి ఇంతకంటే హాయైంది లేదని కొన్న కొత్తలో నలుగురికీ చెప్పాను. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అప్పటికి దీనిలో లవంగం పడలేదు.

దసరాకి పాతపట్నం నుంచి చుట్టాలొస్తున్నారని అల్లం బీరు పెట్టాను. ఘాటుగా ఉండాలని లవంగం, దాల్చినచెక్క దండిగా వేశాను. అందరూ మెచ్చుకున్నారు, గిన్నె అడుగు దాకా తాగారు. బకెట్ శుభ్రంగా కడిగి మళ్లీ మామూలు టీ కొంబుచా పెట్టాను. మొదటి గ్లాసు మా ఆవిడకిచ్చాను. ఒక్క గుక్క తాగి, "పళ్ల డాక్టరు దగ్గర పుక్కిలించే నీళ్లలా ఉందండీ" అంది.

అక్కడ మొదలైంది నా టెన్షన్. సబ్బు, నిమ్మచెక్క అన్నీ అయ్యాయి. లీటరుకి చెంచా లెక్కన వంటసోడా కలిపి రాత్రంతా నానబెడితే పులుపు వాసన పోయింది, లవంగం మాత్రం కదల్లేదు. కదలదు కూడా. లవంగం వాసనంతా దాని నూనెలో ఉంటుంది, ఆ నూనెకి నీళ్లకంటే ప్లాస్టిక్ అంటేనే ఇష్టం. పైకి పోయినట్టే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లు పోసి, మూత బిగించి, పొద్దున తీసి చూస్తే గుప్పుమంటుంది. పీచుతో రుద్దితే గీతలు పడి వాటిలో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి, కాబట్టి మెత్తటి గుడ్డే.

బ్లీచింగ్ పౌడర్ వేసెయ్యమని మా ప్లంబర్ సలహా. వెయ్యలేదు. సరిగ్గా కడగకపోతే మిగిలిన క్లోరిన్ టీలోని ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి ఆసుపత్రి కంపు పుట్టిస్తుంది. పొరపాటున వెనిగర్ తగిలిందంటే విషవాయువే వస్తుంది.

చివరికి సోడియం పర్‌కార్బొనేట్ అనే శుభ్రం చేసే పొడి తెప్పించాను. వేడినీళ్లలో వేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్, చాకలి సోడాగా విడిపోయి బుడగలు లేస్తాయి. గ్లవుజులు తప్పనిసరి, మూత బిగించకూడదు. రాత్రి నానబెట్టి పొద్దున కడిగితే బకెట్‌లో తల పెట్టి పీల్చినా ఏమీ తెలియలేదు. ఎగిరి గంతేశాను.

మళ్లీ కొంబుచా పెట్టాను. మొదటి గ్లాసులో మళ్లీ అదే లవంగం! రెండో గ్లాసులో లేదు, మూడోదాంట్లోనూ లేదు. మర్నాడు పొద్దున మళ్లీ మొదటి గ్లాసులోనే. అంటే రాత్రంతా కుళాయిలో నిలవున్న చుక్కలకే ఆ వాసన. కుళాయి ఊడదీస్తే లోపల నల్ల రబ్బరు వాషర్. దాని అంచున గోధుమరంగు జిగురు. వేళ్లతో నలిపితే కారా కిళ్లీ బడ్డీ ముందు నిల్చున్నట్టే. మూతలో ఎయిర్‌లాక్ దిగే రబ్బరుదీ అదే తంతు. బకెట్‌ని వదిలిన వాసన ఈ రెండు రూపాయల ముక్కల్ని పట్టుకుని వేలాడుతోంది.

వాషర్ ఒక్కటీ అమ్మరట, కుళాయి మొత్తం కొనుక్కోమన్నారు కంపెనీవాళ్లు. ఒళ్లు మండింది. ఊళ్లో వాటర్ ఫిల్టర్లు బాగుచేసే కుర్రాడి దగ్గర తాగునీటి కుళాయికి వేసే తెల్ల సిలికాన్ వాషర్ సరిగ్గా కుదిరింది. సిలికాన్ కూడా వాసన పట్టదని కాదు, పాడైతే మార్చడం తేలిక, అంతే.

ఇదంతా చూసిన మా పక్కింటి ఒడియా మావుసి, "పఖాళ మేం మట్టికుండలోనే పెడతాం కదా బాబూ, దీనికెందుకింత అవస్థ?" అంది. పఖాళంటే నీళ్లలో పులిసిన వాళ్ల చద్దన్నం. మా ఇంట్లోనూ తరవాణి కుండ ఉండేది, ఏం మాట్లాడను!

కొనమంటారా అంటే, మీరందులో ఏం పెడతారన్నదాన్ని బట్టి. మేం ఇద్దరమే, వారానికోసారి టీ కొంబుచా, అప్పుడప్పుడూ ఉత్త అల్లం. దానికిది చాలు, బరువుండదు, పగలదు. మసాలాలు వేసే అలవాటుంటే గాజు జాడీ చూసుకోండి. నేనూ లవంగానికి ఒకటి విడిగా పెట్టుకున్నాను. మా వైపు వానాకాలంలో ఖాళీ బకెట్‌కి మూత పెట్టి దాస్తే ముక్కిన వాసన పడుతుంది, కాబట్టి కుళాయి విప్పి, మూత తీసి, నీడలో బోర్లిస్తున్నాను. రోజుల తరబడి ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.