కుడికి జరపాలంటే ఏది మేలు?

తహసీల్దారుకు రాసే అర్జీ అయినా, రొయ్యల బిల్లయినా, జాతర కరపత్రమైనా, అమలాపురంలోనో పాలకొల్లులోనో డీటీపీ షాపులో నిలబడితే తరచూ వినిపించే మాట ఒకటుంది: "కొంచెం కుడికి జరపండి." జరపడానికి దారులు చాలానే ఉన్నాయి. స్పేస్ బార్ నొక్కుకుంటూ పోవచ్చు, రైట్ అలైన్ కొట్టి లైను చివరను కుడి అంచుకు ఆనించొచ్చు, లైను మొదలునే లోపలికి జరిపే ఇండెంటో ట్యాబో పెట్టొచ్చు, గీతలు కనపడని టేబుల్ వేయొచ్చు. ఒక్క లైనే అయితే ప్రింటులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఫైలు ఇంకో మెషీన్‌లో తెరిచినప్పుడే తేడా తెలుస్తుంది.

ముందు స్పేస్ బార్ సంగతి తేల్చేద్దాం. మామూలు ఫాంట్లలో ఒక్కో అక్షరానిది ఒక్కో వెడల్పు, ఖాళీ వెడల్పు కూడా ఫాంటును బట్టి మారుతుంది. విండోస్‌లో గౌతమి ఫాంటుతో చక్కగా కుదిరిన తేదీ, వాట్సాప్‌లో వెళ్లి ఆండ్రాయిడ్ ఫోనులో నోటో ఫాంటుతో తెరుచుకుంటే పక్కకు జరుగుతుంది, లేదా సగం కింది లైనులో పడుతుంది. "నిన్న బాగానే ఉంది కదండీ" అంటే టైపు చేసినాయన ఏం చెబుతాడు? పైన ఒక్క పదం మార్చినా మళ్లీ ఖాళీలు లెక్కపెట్టుకోవాలి.

అక్షరాలన్నీ ఒకే వెడల్పులో ఉండే కోడ్ ఎడిటర్లలో, అంటే ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్లలో, ఖాళీలు పనికొస్తాయి కదా అనొచ్చు. ఇంగ్లిషుకు, అంకెలకు నిజమే. విమ్ ఎడిటర్‌లో రైట్ అనే ఆదేశం ఇస్తే లైను ముందు కావలసినన్ని ఖాళీలు అదే నింపి కుడికి తోస్తుంది. కానీ 'స్త్రీ', 'క్ష్మి' లాంటి గుత్తులు ఒక గడిలో ఇమిడే రకం కాదు, కాబట్టి తెలుగు లైన్ల కుడి అంచు అక్కడా కుదరదు. నోట్‌ప్యాడ్‌లో అయితే అలైన్‌మెంటే లేదు. రైట్ క్లిక్ చేస్తే కుడి నుంచి ఎడమకు చదివే ఏర్పాటు ఒకటి కనపడుతుంది, అది ఉర్దూ, అరబ్బీ లాంటి భాషల కోసం. తెలుగుకు పెడితే లైను కుడికి వెళ్తుంది గానీ, చివర ఉండాల్సిన చుక్క వచ్చి ఎడమ పక్కన కూర్చుంటుంది.

ఇక అసలు పోటీ రైట్ అలైన్‌కూ ఇండెంట్‌కూ మధ్య. అర్జీ చివర "ఇట్లు, తమ విధేయుడు" అని రాసి, కింద పేరు, ఊరు, మండలం వేస్తాం. ఈ నాలుగు లైన్లనూ సెలెక్ట్ చేసి కంట్రోల్, ఆర్ కొడితే కుడి అంచు తిన్నగా వస్తుంది, ఎడమ అంచు మాత్రం ఎగుడుదిగుడుగా తయారవుతుంది. చదివే కన్ను ప్రతి లైను మొదలు ఎక్కడుందో వెతుక్కోవాలి. చేత్తో రాసేటప్పుడు ఎవరూ అలా రాయరు. కాగితం కుడి సగంలో ఒకచోట మొదలుపెట్టి, కింది లైన్లన్నీ అక్కడి నుంచే రాస్తారు. కంప్యూటర్‌లో ఆ పని చేసేది లెఫ్ట్ ఇండెంట్. ఏ4 కాగితానికి రెండు వైపులా 2.54 సెంటీమీటర్ల మార్జిన్ పోగా దాదాపు 16 సెంటీమీటర్లు మిగులుతాయి. ఇండెంట్‌ను 10 దగ్గర పెడితే ఆ నాలుగు లైన్లూ ఎడమ అలైన్‌లోనే ఉంటూ కుడి పక్కకు చేరతాయి. జిల్లా పేరు పూర్తిగా రాసేవాళ్లు ఇంకాస్త ముందే మొదలుపెట్టాలి, "డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా" 6 సెంటీమీటర్లలో పట్టడం కష్టం. రైట్ అలైన్‌ను ఒక్క లైనుకే, అంటే పైన వేసే తేదీ లాంటి వాటికే ఉంచుకోవడం నయం.

ఒకే లైనులో ఎడమన ఒకటి, కుడిన ఒకటి కావాలంటే ఈ రెండూ చాలవు. "స్థలం: అమలాపురం" ఒక పక్క, "సంతకం" ఇంకో పక్క ఉండాలంటే రైట్ ట్యాబ్ కావాలి, అంటే ట్యాబ్ కీ నొక్కాక కొట్టిన మాట కుడి చివర ఆగేలా పెట్టే గుర్తు. వర్డ్‌లో పేజీ పైనుండే కొలబద్ద, అదే రూలర్, ఎడమ మూలనున్న గుర్తును రైట్ ట్యాబ్ వచ్చేదాకా నొక్కి, రూలర్ మీద కుడి చివర క్లిక్ చేస్తే చాలు. అంతర్వేది కల్యాణోత్సవాల కరపత్రంలో కార్యక్రమం పేరు ఎడమన, సమయం కుడిన, మధ్యలో చుక్కలు పెట్టాలన్నా ఇదే దారి. చుక్కల్ని లీడర్ అంటారు, ట్యాబ్ సెట్టింగుల్లోనే ఉంటుంది. చేత్తో చుక్కలు కొట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఒక ఇబ్బంది ఉంది: తర్వాత మార్జిన్ మారిస్తే ట్యాబ్ పాతచోటే ఉండిపోతుంది, దాన్ని మళ్లీ జరుపుకోవాలి.

బిల్లుకు మాత్రం టేబులే. భీమవరం వైపు రొయ్యల లెక్కలో కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో), కిలోలు, రేటు, మొత్తం అని నిలువు వరుసలుంటాయి. అంకెల్ని ఎడమకు అలైన్ చేస్తే 98,400 కింద 1,12,750 పడినప్పుడు 9, 1 ఒకదాని కింద ఒకటి నిలబడి, చూడగానే పైదే పెద్ద మొత్తమనిపిస్తుంది. కుడికి చేరిస్తే ఒకట్ల కింద ఒకట్లు, వేల కింద వేలు వస్తాయి. కిలోల్లో పాయింటు ఉంటే ఆ వరుసకు డెసిమల్ ట్యాబ్ పెట్టండి, పాయింట్లన్నీ ఒకే గీతలోకి వస్తాయి. పేర్లు, ఊళ్లు ఉన్న వరుస ఎడమకే.

రెండు అంచులూ తిన్నగా ఉండే జస్టిఫై చాలామందికి ఇష్టం, నాకు అంతగా నచ్చదు. తెలుగులో పదాలు పొడుగు. సన్నటి కాలమ్‌లో 'చేయాల్సివచ్చినప్పుడు' లాంటి మాట కింది లైనుకు పోతే, పైన మిగిలిన రెండు పదాల మధ్య పెద్ద ఖాళీ పడుతుంది. వెడల్పాటి పేజీలో ఫరవాలేదు. కరపత్రానికి, ఫోనులో చదివే నోటీసుకు ఎడమ అలైనే మేలు.

అవతలివాళ్లు ప్రింటు తీసుకుంటే చాలనుకున్నప్పుడు పీడీఎఫ్ పంపండి. ఫాంటు అందులోనే చేరి వెళ్తుంది కాబట్టి స్పేస్ బార్‌తో జరిపింది కూడా చెదరదు. వాళ్లు పేరో తేదీయో మార్చుకోవాల్సిన ఫైలైతే ఇండెంట్, ట్యాబ్, టేబుల్‌తో చేసిందే ఇవ్వాలి.