చెన్నై తేమకి కార్డుల డ్రై బాక్స్: కొనొచ్చు, కానీ సిలికా మొత్తం వేయకండి

చెన్నైలో హోలో కార్డులు (మెరిసే ఫాయిల్ పొర ఉన్న పోకేమాన్ లాంటి కార్డులు) దాచుకునేవాళ్ళకి అక్టోబర్ వచ్చిందంటే టెన్షనే. ఈశాన్య రుతుపవనాలు డిసెంబర్ దాకా వదలవు, పొద్దునపూట గాలిలో తేమ 80 శాతం దాటడం ఇక్కడ మామూలు, వాన లేని రోజుల్లో కూడా సముద్రం గాలి ఉండనే ఉంటుంది. మాది వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్. బయటి గోడ చెమ్మ పట్టి ఉంటుంది, ఆ పక్కనే ఉన్న బీరువాలో పెట్టిన పోకేమాన్ హోలోలు పోయిన ముసురులో బొమ్మ వైపుకి వంగిపోయాయి. పల్చటి ప్లాస్టిక్ స్లీవ్ వేసి టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టినవి కూడా. స్లీవ్ గీతలు పడకుండా కాపాడుతుందంతే, పైన నోరు తెరుచుకునే ఉంటుంది కాబట్టి తేమని ఆపలేదు.

హోలో కార్డుకి ఒక వైపు ఫాయిల్ పొర, మిగతాదంతా కాగితం. కాగితం తేమ పీల్చుకుని సాగుతుంది, ఫాయిల్ సాగదు, దాంతో వెనక వైపు పెరిగి కార్డు ముందుకి వంగుతుంది. మరీ ఎండిపోతే కాగితం కుంచించుకుపోయి అదే కార్డు వెనక్కి తిరుగుతుంది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, నేను కొన్న డ్రై బాక్సుతో, అంటే లోపల తేమ తగ్గించి ఉంచే బిగుతు మూత డబ్బాతో, వచ్చే ఇబ్బంది అక్కడే ఉంది.

బాక్సు నిజానికి కెమెరా లెన్సుల కోసం చేసింది. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో నేను కొన్నప్పుడు 1,100 రూపాయలు. 10 లీటర్లు, మూత చుట్టూ రబ్బరు, నాలుగు పక్కలా క్లిప్పులు, మూతలో చిన్న తేమ మీటరు, విడిగా అర కిలో సిలికా జెల్, అంటే తేమని పీల్చుకునే గుళికలు. టాప్‌లోడర్లు నిలబెడితే రెండు వరసలు హాయిగా పడతాయి. కొట్టాయన తెలుగాయనే, "మీటరు ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిది సార్, మొత్తం పోసేయండి" అన్నాడు. కార్డుల విషయంలో ఈ మాట వినకండి.

కట్టుదనం బాగుంది. కొనేముందు చిన్న కాగితం ముక్క మూత అంచున పెట్టి క్లిప్పులు వేసి లాగి చూడండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టట్లేదని అర్థం. నేను నాలుగు వైపులా చూశాను, ఎక్కడా రాలేదు. మీటరు మాత్రం నమ్మేలా లేదు. దాన్ని పరీక్షించడానికి ఖర్చేమీ ఉండదు: సీసా మూతలో వంటుప్పు వేసి, కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేంత నీళ్ళు చుక్కలు చుక్కలుగా కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్‌లో పెట్టి రాత్రంతా వదిలేస్తే అది 75 శాతం చూపించాలి. దీంతో వచ్చింది 68 చూపించింది. అంటే బాక్సులో నిజంగా 57 ఉన్నా ఇది 50 అని చెప్పి మనల్ని నిశ్చింతగా కూర్చోబెట్టేస్తుంది. వేరే మీటరు తప్పకుండా కొనుక్కోండి.

ఇప్పుడు అసలు విషయం. కార్డులు పెట్టి మూత వేశాక మీటరు గబగబా 40కి దిగి, మర్నాటికల్లా మళ్ళీ 55, 60కి ఎక్కుతుంది. చాలామంది బాక్సు లీకవుతోందనుకుని ఇక్కడే వాపసు ఇచ్చేస్తారు. లీకేం కాదు. 10 లీటర్ల గాలిలో ఉండే నీటి ఆవిరి మన తేమలో కూడా పావు గ్రాము చుట్టూనే, అది సిలికాకి లెక్కే కాదు. నీళ్ళుండేది కార్డుల అట్టలో. కిలో అట్ట ముసురులో పట్టే అదనపు నీళ్ళు పదుల గ్రాముల్లో ఉంటాయి, అది మెల్లగా బయటికి వస్తూ ఉంటే మీటరు ఎక్కుతుంది. అందుకే మొదటి వారం రెండు వారాలు ఓపిక పట్టండి, గుళికలు రంగు మారితే మార్చండి, అంకె తనంతట తనే ఒకచోట నిలబడుతుంది.

ఆ నిలబడేది ఎక్కడన్నదే ప్రశ్న. అర కిలో మొత్తం వేస్తే మీటరు 25కి పడిపోయింది, మంచి హోలో ఒకటి ఎండలో ఆరేసిన అప్పడంలా వెనక వైపుకి లేచింది. సగానికి పైగా తీసేశాక 47 దగ్గర ఆగింది, కార్డు కూడా కొన్నాళ్ళకి చదునుగా వచ్చింది. కార్డులకి 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు, 65 దాటితే బూజు భయం. ఇంత లెక్క చూసుకునే ఓపిక లేనివాళ్ళు ఆన్‌లైన్‌లో దొరికే 49 శాతం ప్యాకెట్లు వేసుకోండి, తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి, తగ్గితే వదులుతాయి. ధర కాస్త ఎక్కువే. సిలికాతో కలిపి మాత్రం పెట్టకండి, సిలికా ముందు ఆ ప్యాకెట్‌నే తాగేస్తుంది.

బాక్సుతో ఇచ్చినవి నీలం గుళికలు. ఆ నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, పిల్లలున్న ఇంట్లో నాకది ఇష్టం లేదు, నారింజ రంగువి కొని మార్చేశాను. రంగు మారాక ఓవెన్‌లో 110, 120 డిగ్రీల మధ్య రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి, వంటకి వాడని ట్రే తీసుకోండి. మా అత్తయ్య కలరా ఉండలు వేయమంది. అవి పురుగులకే, తేమని లాగవు, పైగా ఆ వాసన కార్డుకి పట్టేస్తే పోదు. బియ్యం కూడా వద్దు, పిండి రాలి పురుగుని పిలుస్తుంది.

ఇంకో మాట, ఏసీ గదిలో చల్లబడ్డ కార్డుల్ని వెంటనే బయటి ఉక్కలోకి తీయకండి, వాటి మీద నీటి పొర కడుతుంది. బాక్సు మూసే ఉంచి కాసేపు ఆగాక తెరవండి.

నా లెక్కలో పదికి ఏడు. మీటరు బాగుండి, సిలికా ఎంత వేయాలో ఒక్క కాగితం రాసి పెట్టి ఉంటే తొమ్మిది ఇచ్చేవాణ్ణి. నాలుగైదు వందల కార్డులున్నవాళ్ళకి ఇది సరిపోతుంది. సీల్డ్ బూస్టర్ బాక్సులు (విప్పని కార్డు ప్యాకెట్ల పెట్టెలు) అట్టపెట్టెల్లో పేర్చుకునేవాళ్ళు మాత్రం డబ్బు పోగేసుకుని ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్‌కే వెళ్ళండి, 45 అని సెట్ చేస్తే గుళికల గొడవ ఉండదు.