జాగ్రత్త: బానెట్ వెచ్చగా ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి

కోపంలోనే రాస్తున్నాను. చల్లారాక తీరిగ్గా రాద్దామంటే ఈలోపు ఇంకొకరు మునుగుతారు.

ఆ యాడ్ మీలో చాలామంది చూసే ఉంటారు. బూడిద రంగు సెడాన్, పెట్రోలు, ఎనిమిదేళ్ల బండి, "సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్, సీరియస్ బయ్యర్స్ మాత్రమే". ఫోటోలన్నీ సాయంత్రపు ఎండలో తీసినవి. ఆ యాడ్ పెట్టి బండి అమ్మిన మనిషి గురించే ఇదంతా. పేరు రాయను, మాట తీరు చెప్తే చాలు: రెండు మాటలకోసారి "అంకుల్" అంటాడు, మీరేం చెప్పినా "మీ అనుభవం ముందు నేనెంత" అంటాడు.

పోయిన ఆదివారం కొన్నాను. గురువారం ఇంజిన్ కూర్చుంది. ఇవాళ శనివారం, మెకానిక్ షెడ్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను.

ముందు నా తప్పు నేనే ఒప్పుకుంటాను, లేకపోతే మీరే అంటారు. ముప్పై ఏళ్లుగా నేను కొన్నవన్నీ సెకండ్ హ్యాండ్ బండ్లే. ఇది ఏడోది. కొత్త కారు వాసన ఎలా ఉంటుందో ఇంకొకరి కారులో కూర్చుని తెలుసుకున్నవాణ్ణి. చుట్టాల్లో ఎవరు పాత బండి చూడ్డానికి వెళ్లినా నన్ను తోడు తీసుకెళ్తారు, నేనూ పెళ్లిచూపులకు వెళ్లే పెద్దమనిషిలా తయారై వెళ్తాను. ఆ గర్వమే నన్ను ముంచింది. ఆ ఆదివారం బండి చుట్టూ తిరుగుతూ, వాడు అడక్కుండానే, నా ఆరు కార్ల చరిత్రా చెప్పేశాను. వాడు చేతులు కట్టుకుని విన్నాడు. శిష్యుడనుకున్నాను.

"మా రెండో బండికి తలుపుల నిండా లప్పమేనయ్యా" అంటూ గుడ్డలో చుట్టిన అయస్కాంతం జేబులోంచి తీసి రేకుల మీద ఆనించాను. ఇనుప రేకు మీద లప్పం మందంగా మెత్తితే అయస్కాంతం పట్టుకోదు. ప్లాస్టిక్ బంపర్ మీద ఎలాగూ పట్టుకోదు, అది వేరే సంగతి. అన్ని తలుపులకూ టక్కున అతుక్కుంది. "అబ్బ, ఈ ట్రిక్కు నాకు తెలీదంకుల్" అన్నాడు.

మూడోది వరదలో మునిగి తేలిన బండి. కొన్న మూడు నెలల నుంచి ఒక్కొక్కటే కుళ్లుతూ వచ్చింది. ముందు హారన్, తర్వాత వైపర్లు, ఆఖరికి వాన పడుతున్నప్పుడే కిందికి దిగే కిటికీ అద్దం. ఆ పాఠం గుర్తుంది కాబట్టి సీటు బెల్టులు నాలుగూ చివరిదాకా బయటికి లాగాను. మునిగిన బండికి సీట్ల కవర్లు మారుస్తారు, కార్పెట్లు మారుస్తారు, బెల్టు చుట్ట లోపలి భాగం మాత్రం ఎవరూ కడగరు. బురద గీత అక్కడ ఉండిపోతుంది. ఇందులో లేదు. నాలుగోది టైమింగ్ బెల్టు తెగి పోయింది, అది ఇంకో కథ. లక్ష కిలోమీటర్లకు అటూ ఇటూగా మార్చాల్సిన బెల్టును "మార్చాను" అని పాత ఓనర్ నోటిమాటగా చెప్తే నమ్మాను. ఆ రకం ఇంజిన్‌లో బెల్టు తెగిందంటే పిస్టన్లు వెళ్లి తెరిచి ఉన్న వాల్వుల్ని గుద్దుతాయి. అందుకని బిల్లు అడిగాను. నేను అడుగుతానని తెలిసినట్టే వాడు చొక్కా జేబులోంచి తీశాడు.

ఐదోదానికి మీటర్ తిప్పేశారు. మీటర్‌లో నలభై వేలు, క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి ఇనుము బయటపడింది. అందుకే ఈసారి పెడళ్లు చూశాను, స్టీరింగ్ తోలు చూశాను. టైర్ల పక్కన కోలగా ఉండే గడిలో నాలుగంకెలు ఉంటాయి చూడండి, వంగి అవీ చదివాను. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మీటర్ చెప్పే లెక్కకు టైర్ల వయసు సరిపోవాలి కదా. సరిపోయింది. నడుం పట్టేసింది కూడా.

ఆరోదాని గురించి రాస్తే ఏడుపొస్తుంది. పదకొండేళ్లు వాడాను. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ లేచింది. ఏసీ సరిగ్గా చల్లబడట్లేదని దాన్ని అమ్మేసి ఇది కొన్నాను. ఏసీ కోసం.

ఇక మొదటిది. చోక్ లాగితే గానీ స్టార్ట్ కాని కార్బ్యురేటర్ బండి, కాళ్ల దగ్గర తుప్పు పట్టిన కంతలోంచి రోడ్డు కనిపించేది. దాన్ని బాగుచేసిన ముసలి మెకానిక్ ఒక్క మాట చెప్పాడు, "బండి చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్లు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే దాని రోగం బయటపడుతుంది" అని. ముప్పై ఏళ్లలో ఈ మాట కనీసం పాతికమందికి చెప్పి ఉంటాను. ఆదివారం వాడికి కూడా చెప్పాను!

చెప్పి, బానెట్ ఎత్తడానికి చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

ఇక్కడే ఆగండి, నేను ఆగలేదు కాబట్టి. చెయ్యి తీసి వాడి వైపు చూశాను. వాడు తడబడలేదు. "మీలాంటివాళ్లు వస్తున్నారని వాటర్ వాష్ చేయించుకుని ఇప్పుడే వచ్చానంకుల్" అన్నాడు, వెంటనే "ఇంత తెలిసినవాళ్ల చేతికి వెళ్తే బండికి కూడా మర్యాద" అన్నాడు. నేను నవ్వాను. నవ్వి బానెట్ ఎత్తాను. ఆయిల్ మూత తీసి చూస్తే తేనె రంగులో మెరిసిపోతోంది. కొత్త ఆయిల్. ఎందుకు కొత్తగా పోశాడో అడగాలి కదా? "బాగా చూసుకున్నావయ్యా" అన్నాను. నేనే, ఈ నోటితోనే.

అంతటితో ఊరుకున్నానా? స్టీరింగ్ కింద పోర్టులో, బండి తన రోగాలను రాసిపెట్టుకునే కోడ్లు చదివే నా స్కానర్ పెట్టి ఫోన్‌లో చూశాను. "కోడ్లు లేవు" అని ఆకుపచ్చ రంగులో వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసి మా ఇంట్లోవాళ్లకు పంపాను, చూశారా నా పనితనం అన్నట్టు. నిన్న ఆ స్క్రీన్‌షాటే మళ్లీ తెరిచాను. ఆకుపచ్చ అక్షరాల కింద ఐదు వరుసలు, ఐదింటికీ ఎదురుగా "పూర్తి కాలేదు" అని ఉంది. ఆ వరుసలు బండి తనకు తాను చేసుకునే పరీక్షలు. కోడ్లు తుడిచేస్తే ఆ పరీక్షల లెక్క కూడా మళ్లీ మొదటికొస్తుంది, అది పూర్తవడానికి కొన్ని రోజుల తిరుగుడు పడుతుంది. అంటే నేను రావడానికి కాస్త ముందే ఎవరో తుడిచారు. వాటర్ వాష్ బయటే కాదు, లోపల కూడా జరిగిందన్నమాట.

సోమవారం పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ కుంటింది, వెనక తెల్లగా పొగ. పది సెకన్లలో సర్దుకుంది. చలికి ఆవిరి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చలి లేదు. మంగళవారం, బుధవారం అదే తంతు. గురువారం మధ్యాహ్నం ఎక్కుడు రోడ్డు మీద టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటేసింది.

షెడ్డులో మెకానిక్ కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, దాని ట్యాంకు మూత దగ్గర చిన్న గాజు గొట్టం పెట్టాడు, అందులో నీలం ద్రవం. ఇంజిన్ ఆన్ చేసి రబ్బరు బల్బు నొక్కుతూ గాలి లాగాడు. నా కళ్లముందే నీలం కాస్తా పసుపైంది. మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయినట్టే. గోధుమరంగు మడ్డి కూడా ట్యాంకు అడుగున చూపించాడు, లీకులు తాత్కాలికంగా మూసుకుపోవడానికి పోసే మందు అట. "ఇది పోసి రెండు వారాలు కూడా అయ్యుండదు సార్" అన్నాడు. గ్యాస్కెట్ పోయిన బండిని రాత్రంతా నిలబెడితే కూలెంట్ మెల్లగా సిలిండర్‌లోకి కారుతుంది, పొద్దున ఆ కుంటుడూ ఆ పొగా అందుకే. వేడెక్కాక ఏమీ కనపడదు. అదీ ఆ వెచ్చని బానెట్ రహస్యం.

వాడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, కట్ చేశాడు. మెకానిక్ ఫోన్‌తో చేస్తే మొదటి రింగుకే ఎత్తి "చెప్పండి సార్" అన్నాడు. నేనని తెలియగానే ఒక క్షణం నిశ్శబ్దం. గ్యాస్కెట్ సంగతి చెప్పాను.

"మీరు అన్నీ చెక్ చేసుకునే తీసుకున్నారు కదా" అన్నాడు.

"నీకు ముందే తెలుసా లేదా, అది చెప్పు."

"ముప్పై ఏళ్ల అనుభవం అన్నారు. అయస్కాంతం పెట్టారు, బెల్టులు లాగారు, టైర్ల మీద నంబర్లు చదివారు. అంత చూసి మీకే తెలియంది నాకెలా తెలుస్తుంది?"

మడ్డి పోసిందెవరని అడిగాను. గొంతు మారిపోయింది. "చూడు, అమ్మేశాను, అయిపోయింది. ఇప్పుడు నీ బండి, నీ తలనొప్పి. ఇంకోసారి ఫోన్ చేస్తే బాగుండదు" అన్నాడు. ఆదివారం అంకుల్‌ని, గురువారానికి "నువ్వు" అయిపోయాను. దానికి కూడా అంత బాధపడలేదు. ఫోన్ పెట్టేసే ముందు వాడి పక్కన ఎవరో "ఎవర్రా" అని అడిగారు. వాడు నవ్వుతూ చెప్పాడు, "అదేరా, అయస్కాంతం ముసలోడు" అని.

అంటే ఇంటికెళ్లి నా గురించి చెప్పుకున్నారు. నాకు పేరు పెట్టుకున్నారు. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు రెండు రాత్రులుగా చెవిలోంచి పోవట్లేదు. వాడి ముందు నిలబడి నేను పాఠం చెప్తున్నాననుకున్నాను, వాడు నేను ఎక్కడెక్కడ చూస్తానో, ఎక్కడ చూడనో రాసుకుంటున్నాడు.

మా అమ్మాయి ఎకనామిక్స్ చదివింది. ఓదారుస్తుందనుకుంటే పాఠం మొదలెట్టింది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆయన పాత కార్ల బజారు మీదే వ్యాసం రాశాడట, అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే చెడ్డ బండ్లు మంచి బండ్లను బజారులోంచి తరిమేస్తాయని. 2001లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారట. సంతోషం. ఆయనకు నోబెల్ వచ్చింది, నాకు ట్యాంకు నిండా మడ్డి వచ్చింది.

నిన్న రాత్రి చూశాను, వాడి కొత్త యాడ్ వచ్చేసింది. ఈసారి తెల్ల హ్యాచ్‌బ్యాక్, "డాక్టర్ గారు వాడిన బండి". అదే సాయంత్రపు ఎండ. అందుకే ఇంత హడావిడిగా రాయడం.

ఏం చెయ్యాలంటారా? చెప్పకుండా పొద్దున్నే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే మాట్లాడకుండా వచ్చేయండి. స్కానర్‌లో ఆకుపచ్చ అక్షరాలు కాదు, కింద వరుసలు చదవండి. కొత్త ఆయిల్ చూసి మురిసిపోకండి. డబ్బు ఇచ్చేముందు మీకు తెలిసిన మెకానిక్‌తో ఒకసారి చూపించండి, నాలాగా నేనే మెకానిక్‌ని అనుకోకండి. నోరు మాత్రం మూసుకుని చూడండి.

ఉంటాను, లోపలికి పిలుస్తున్నారు. హెడ్ దించారట. వంగిందో లేదో చూడ్డానికి స్కేలు పెడుతున్నారు.