నాలుగు రెక్కలు కలిసే చోట: లెగో ఎక్స్-వింగ్ 75355 సమీక్ష

అంతరిక్ష యుద్ధాల కథలైన స్టార్ వార్స్ సినిమాల బొమ్మలను, ప్లాస్టిక్ ముక్కలను ఒకదానికొకటి తగిలించి కట్టే ఆటవస్తువులు చేసే లెగో సంస్థ 1999లో మొదలుపెట్టింది. ఆ సినిమాల్లోని ఎక్స్-వింగ్ యుద్ధ విమానం బొమ్మ ఆ ఏడాదే వచ్చింది. పెద్దలు అలమారాలో పెట్టుకుని చూసుకోదగ్గ భారీ నమూనా మరుసటి ఏడాది, 2000లో వచ్చింది. 2013లో 1,559 ముక్కలతో దాన్ని కొత్తగా రూపొందించారు. ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ వరుసలో 2023 మేలో విడుదలైన 75355 నంబరు సెట్టు. ఇందులో 1,949 ముక్కలు ఉన్నాయి. ఒకే విమానాన్ని ఇన్నిసార్లు తిరిగి రూపొందించడానికి అభిమానుల గిరాకీ ఒక కారణమే కానీ, అంతకంటే బలమైన కారణం ఆ విమానం ఆకారంలోనే ఉందని నా అభిప్రాయం. నాలుగు రెక్కలు ఒకచోట కలిసి, కలిసికట్టుగా కదలాలి. ముక్కలతో కట్టేవారికి దీనికి మించిన పరీక్ష ఉండదు.

మామూలు ప్రయాణంలో ఈ విమానం రెక్కలు రెండేసి చొప్పున ఒకదానిపై ఒకటి మూసుకుని ఉంటాయి. దాడికి దిగేటప్పుడు అవి విచ్చుకుని, ముందు నుంచి చూసేవారికి ఇంగ్లీషు ఎక్స్ అక్షరంలా కనిపిస్తాయి. అందువల్ల నమూనా రెండు స్థితుల్లోనూ సరిగ్గా ఉండాలి. తెరిచినప్పుడు నాలుగు రెక్కలూ సమానమైన కోణంలో నిలబడాలి, ఇంజన్ల బరువుకు కిందికి వాలకూడదు, మూసినప్పుడు మధ్యలో వెడల్పాటి సందు మిగలకూడదు. రెక్కల ఈ చివరి నుంచి ఆ చివరికి 44 సెంటీమీటర్లు ఉన్న నమూనాలో ప్రతి రెక్క చివరా పొడవాటి ఫిరంగి, మొదట్లో లావుపాటి ఇంజను ఉంటాయి. అంత బరువు మధ్యలోని చిన్న కీలు మీదే పడుతుంది. లెగో ముక్కలను ఒకదానికొకటి పట్టి ఉంచేవి వాటి పైనుండే గుండ్రటి బొడిపెలు. ఈ బొడిపెల పట్టు నిటారుగా నొక్కిన బరువును బాగానే మోస్తుంది కానీ, మెలిపెట్టే బలానికి త్వరగా వదిలేస్తుంది. అందుకే ఇక్కడ బొడిపెల పట్టు మీద ఆధారపడకుండా, టెక్నిక్ అని లెగో పిలిచే రంధ్రాలున్న కడ్డీలను పిన్నులతో అడ్డంగా బిగించి లోపల ఒక చట్రం కడతారు.

ఈ చట్రం కట్టే ఘట్టమే నిర్మాణం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది. ఏది ముక్కు అవుతుందో, ఏది తోక అవుతుందో తెలియని దశలో, బూడిదరంగు కడ్డీల మధ్య పళ్ళ చక్రాలు ఒకదానితో ఒకటి కలుసుకుంటాయి. చేతిలోని చక్రాన్ని తిప్పితే ఇంకా రెక్కలు తొడగని నాలుగు చేతులు ఒకేసారి పైకీ కిందికీ విచ్చుకుంటాయి. కట్టబోయేవారికి ఒక సూచన చేస్తాను. పైన పలకలు కప్పే ముందే చక్రాన్ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, నాలుగు చేతులూ ఒకే ఎత్తులో ఆగుతున్నాయో లేదో, పక్క నుంచి కంటిని ఆ ఎత్తుకు దించి చూసుకోండి. ఒక చక్రం ఒక్క పన్ను అటూ ఇటూ కూర్చున్నా ఒక రెక్క మిగతావాటికంటే వెనకబడుతుంది. అంతా కప్పేశాక దాన్ని సరిచేయాలంటే సగం విమానాన్ని విప్పాల్సి వస్తుంది.

ముందుభాగం మరో రకం సమస్య. ఎక్స్-వింగ్ ముక్కు పొడుగ్గా సాగి, పక్కల నుంచీ పై నుంచీ క్రమంగా సన్నబడుతుంది. చతురస్రాల లెక్కతో పుట్టిన ముక్కలకు ఇలాంటి వాలు సహజంగా రాదు. అందువల్ల పక్క గోడలను విడిగా కట్టి, పక్కకు తిప్పి తగిలిస్తారు. దీని వెనుక ఒక లెక్క ఉంది. రెండు బొడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు, పలచని పలక మందం 3.2 మిల్లీమీటర్లు. అంటే ఐదు పలకలు ఒకదానిపై ఒకటి పేరిస్తే వచ్చే 16 మిల్లీమీటర్లు సరిగ్గా రెండు బొడిపెల వెడల్పు. పక్కకు తిప్పిన గోడ, నిలువుగా కట్టిన గోడతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలవడానికి ఈ లెక్కే ఆధారం. ఇది తెలిసినవారికి ముక్కు భాగం కడుతున్నంతసేపూ ఒక లెక్క విప్పుతున్న ఆనందం కలుగుతుంది, తెలియనివారికి పని పూర్తయ్యాక ఆశ్చర్యం మిగులుతుంది.

రెక్కల నిర్మాణం మాత్రం అంత రుచించదు. ఒకే పని నాలుగుసార్లు చేయాలి, అందులోనూ కుడి ఎడమలు అద్దంలో ప్రతిబింబాల్లా తారుమారు అవుతాయి కాబట్టి పరధ్యానంగా చేయడానికి వీల్లేదు. ఇంజన్లూ నాలుగే, ఫిరంగులూ నాలుగే. ఇంట్లో ఆసక్తి ఉన్న మరొకరు ఉంటే ఈ భాగాన్ని పంచుకోవడం మేలు.

పైతలం మీద చిన్న చిన్న పైపులు, జల్లెడల్లాంటి పలకలు, అర్థంకాని యంత్ర భాగాలు కనిపిస్తాయి. వీటికి చరిత్ర ఉంది. 1977 నాటి సినిమా కోసం నమూనాలు తయారుచేసిన కళాకారులు, బజారులో దొరికే ట్యాంకుల, విమానాల ప్లాస్టిక్ కిట్లలోని భాగాలను తీసుకొచ్చి నౌకల పైన అతికించారు. ఇతర సెట్లలో ఇతర పనులకు వాడే లెగో ముక్కలే ఇక్కడ యంత్ర భాగాలుగా మారడంలో ఆ పాత పద్ధతే కొనసాగుతోంది. ఈ విషయంలో రూపకర్తలు సంయమనం పాటించారు. వివరాలను ఇంజన్ల చుట్టూ, వెనుక భాగంలో గుంపుగా పెట్టి, ముక్కునూ రెక్కలనూ చాలావరకు నునుపుగా వదిలేశారు. ఎర్ర గీతలు గజిబిజి లేకుండా కంటికి ఆనడానికి ఆ ఖాళీ అవసరం.

పెట్టెలో ఈ విమానాన్ని నడిపే కథానాయకుడు లూక్ స్కైవాకర్ బొమ్మ, అతని తోడుండే రోబో ఆర్2-డి2 బొమ్మ ఉన్నాయి. వాటి స్థానం నమూనాను నిలబెట్టే స్టాండు దగ్గరే. సుమారు 55 సెంటీమీటర్ల ఈ నమూనాను, కథలో చాలాకాలం చెబుతూ వచ్చిన 12.5 మీటర్ల పొడవుతో పోల్చితే, లోపల కూర్చునే మనిషి ఏడున్నర సెంటీమీటర్లకు కాస్త పైగా ఉండాలి. లెగో మనిషి బొమ్మ ఎత్తు దాదాపు నాలుగు సెంటీమీటర్లే. కాబట్టి పైలట్ సీటు ఖాళీగా కనిపించడం కొలతల వల్ల తప్పనిది. అయినా నాకది వెలితిగానే తోస్తుంది. ఆ కొలతకు తగిన పైలట్‌ను ముక్కలతో కట్టి ఇస్తే ఈ నమూనా విలువ పెరిగేది.

రెక్కల కదలిక విషయానికి మళ్ళీ వస్తే, తెరిచిన స్థితిలో నాలుగూ స్థిరంగా, సమానంగా నిలబడతాయి. మూసినప్పుడు దగ్గరగా చూస్తే సన్నని సందు కనిపిస్తుంది. ముక్కలతో కట్టిన కీలు నుంచి అంతకంటే ఎక్కువ కోరడం న్యాయం కాదు. ఎలాగూ ఈ విమానాన్ని తెరిచి ఉంచడానికే అందరూ ఇష్టపడతారు.

అమెరికాలో దీని ధర విడుదల నాటికి 240 డాలర్లు. మన దేశంలో కొనేవారు దిగుమతి సుంకాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. బొమ్మల మీద ఆ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్లో 70 శాతానికి పెంచారు. విదేశాల్లో ఉన్న బంధువుల చేత తెప్పించుకునే తెలుగువారు చాలామంది ఉండడానికి కారణం అదే. అలా తెచ్చేటప్పుడు పెట్టె పెద్దదన్న సంగతి గుర్తుంచుకోవాలి. తక్కువ ధరకు కనిపించే నకళ్ళ జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. అసలు ముక్కల్లో ప్రతి బొడిపె మీద సంస్థ పేరు అచ్చై ఉంటుంది, కొలతలూ నిక్కచ్చిగా ఉంటాయి. పిన్నులు కాస్త వదులైనా ఈ కీలు నిలబడదు.

కట్టాక ఎండ తగిలే కిటికీ పక్కన పెట్టకండి. తెల్ల, లేత బూడిదరంగు ప్లాస్టిక్ అతినీలలోహిత కిరణాలకు పసుపు పడుతుంది. దుమ్మును మెత్తని బ్రష్‌తో రెక్క మొదలు నుంచి చివరి వైపు తుడవాలి. పిల్లలు చేత్తో పట్టుకుని ఎగరేసి ఆడుకోవడానికి ఇది పనికిరాదు. వారికోసమైతే 2021లో వచ్చిన 474 ముక్కల 75301 సెట్టు చూడండి. అందులో బటన్ నొక్కితే రెక్కలు తెరుచుకుంటాయి, లూక్ బొమ్మ పైలట్ సీటులో కూర్చుంటుంది, విడుదల నాటి ధర కూడా దీని ధరలో దాదాపు ఐదో వంతే.