బ్యాంకుతో సెటిల్‌మెంటా, కోర్టులో ఐపీయా (దివాలా పిటిషన్)?

అప్పు ముదిరితే ముందు పోయేది నిద్ర. తర్వాత వడ్డీ కోసం బీపీ, షుగర్ మాత్రలు మానేస్తారు. అది మహా ప్రమాదం. తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో ఓపీ చూపించుకోండి. బతకాలనిపించకపోతే వెంటనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

ఆదాయం ఉండి, అప్పు బ్యాంకుదే అయితే సెటిల్‌మెంటే (బాకీ కొంత తగ్గించుకుని తేల్చుకోవడం) మేలు. ఒప్పుకున్న మొత్తం, గడువు లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి. నోటిమాట నమ్మితే మిగతా బాకీ మళ్లీ తలెత్తుతుంది. తిరుపతి, చిత్తూరు కోర్టుల లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఫీజుండదు, అప్పీలూ ఉండదు. నష్టమల్లా సిబిల్ (మన అప్పుల చరిత్ర) రికార్డులో ‘సెటిల్డ్’ అని పడటమే.

కైవడ్డీలు, చీటీపాటల బాకీలు కలిసి ఆస్తిని మించిపోయి, తీర్చే దారే లేనప్పుడు ఐపీ. మామూలు వ్యక్తులకు ఇక్కడ ఇంకా 1920 నాటి దివాలా చట్టమే. పిటిషన్‌లో అప్పులిచ్చినవాళ్లందరి పేర్లు, చిరునామాలు, మీ ఆస్తులు పూర్తిగా చూపాలి. దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టు చేతికి పోతుంది. వంటపాత్రలు, బట్టలు, పనిముట్లు మిగులుతాయి.

చాలామంది దెబ్బతినేది ఒకచోటే: ముందుగా ఇల్లు బావమరిది పేర రాసేయడం. దివాలా పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు అలా రాసింది కోర్టు రద్దు చేయగలదు. తాకట్టు పెట్టిన ఇంటిపై బ్యాంకు హక్కూ పోదు, జామీను పడ్డవాళ్లూ తప్పించుకోలేరు. లాయరు ఫీజు భారమైతే ఉచిత న్యాయసహాయానికి 15100.