వికటించిన అప్‌గ్రేడ్ నుంచి బయటపడటానికి రెస్టిక్ ఎంతవరకు పనికొచ్చింది

నేను నిర్వహించే సర్వర్‌లో పత్రాలను భద్రపరిచే ఒక సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మారుస్తుండగా డిస్క్ నిండిపోయి, డేటాబేస్ మైగ్రేషన్ (టేబుళ్లను కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మార్చే పని) కొన్ని టేబుళ్లను మార్చి మిగతావాటిని ముట్టుకోకుండానే ఆగిపోయింది. ఖాళీ స్థలం ఎంత ఉందో ముందే చూసుకోకపోవడం నా పొరపాటు. పాత ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా, సగం మారిన టేబుళ్లతో అది నడవలేదు. అందువల్ల ప్రోగ్రామ్, సెట్టింగుల ఫైళ్లు, అప్‌లోడ్ చేసిన పత్రాలు, డేటాబేస్ అన్నింటినీ అప్‌గ్రేడ్‌కు ముందున్న స్థితికి ఒక్కటిగా తీసుకురావలసి వచ్చింది. ఆ పనిలో రెస్టిక్ ఎలా నడిచిందో ఇక్కడ రాస్తున్నాను.

రెస్టిక్ గో భాషలో రాసిన ఓపెన్ సోర్స్ బ్యాకప్ సాధనం. ఒకే ఒక్క ప్రోగ్రామ్ ఫైలుగా వస్తుంది కనుక, సర్వర్ పాడైనప్పుడు మరో యంత్రంలో దాన్ని పెట్టుకుని పని మొదలుపెట్టడం సులువు. ఫైళ్లను సగటున 1 మెగాబైటు ముక్కలుగా చేసి, ఇదివరకే ఉన్న ముక్కలను మళ్లీ దాచకుండా, ప్రతి ముక్కనూ ఎన్‌క్రిప్ట్ చేసి పెడుతుంది. 0.14 వెర్షన్ నుంచి కంప్రెషన్ కూడా తానే చేస్తుంది. ఈ కారణంగా డేటాబేస్ డంప్‌ను (డేటాబేస్‌లోని సమాచారాన్ని రాసిపెట్టిన ఫైలును) ముందే జిప్ చేసి ఇవ్వకూడదు. జిప్ చేసిన ఫైలులో చిన్న మార్పు జరిగినా ఆ తర్వాతి భాగమంతా మారిపోతుంది కాబట్టి, రోజూ దాదాపు మొత్తం డంప్‌ను కొత్తగా దాచవలసి వస్తుంది.

రికవరీలో నన్ను ఎక్కువగా భయపెట్టింది 'లేటెస్ట్' అనే మాట. ఆ పేరు ఇస్తే రెస్టిక్ చివరి స్నాప్‌షాట్‌ను, అంటే ఆఖరుసారి తీసిన బ్యాకప్ ప్రతిని, తీసుకుంటుంది. అయితే అప్‌గ్రేడ్ చెడిపోయిన రాత్రే, నిర్ణీత వేళల్లో పనులు నడిపే క్రాన్ తన సమయానికి నడిచి, పాడైన స్థితిని కూడా బ్యాకప్ చేసేసింది. జాబితాలో తేదీ, సమయం చూసి, అంతకు ముందరి స్నాప్‌షాట్‌కున్న 8 అక్షరాల గుర్తును చేత్తో ఎంచుకున్నాను. ఇప్పుడు ప్రతి అప్‌గ్రేడ్‌కు ముందు పాత వెర్షన్ సంఖ్యనే ట్యాగ్‌గా పెట్టి విడిగా ఒక స్నాప్‌షాట్ తీస్తున్నాను.

రెండో చిక్కు ఫైళ్లను తిరిగి రాసేటప్పుడు ఎదురైంది. పాడైన ఫోల్డర్‌పైనే రీస్టోర్ చేస్తే పాత ఫైళ్లు వాటి చోటుకు వస్తాయి గానీ, కొత్త వెర్షన్ వదిలివెళ్లిన అదనపు ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. వాటిని తొలగించే ఆప్షన్ 0.17లో వచ్చింది, దాంతోపాటే ఏం మారబోతుందో ముందుగా చూపే డ్రై రన్ కూడా రీస్టోర్‌కు చేరింది. నేను మాత్రం ఖాళీ ఫోల్డర్‌లోకి తీసుకుని, సరిచూసుకుని, ఆపైన పేరు మార్చాను. ఫైళ్ల యజమాని వివరాలు సరిగ్గా రావాలంటే రీస్టోర్‌ను రూట్‌గా (సర్వర్‌పై పూర్తి అధికారాలున్న ఖాతాతో) నడపాలి. ఒక్క సెట్టింగుల ఫైలు చాలనుకున్నప్పుడు స్నాప్‌షాట్‌ను మామూలు ఫోల్డర్‌లా తెరిచే మౌంట్ కమాండ్ ఎంతో హాయిగా ఉంది.

డేటాబేస్ విషయంలో మాత్రం రెస్టిక్‌పై భారం వేయకూడదు. నడుస్తున్న పోస్ట్‌గ్రెస్ (నేను వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డేటా ఫోల్డర్‌ను ఫైళ్లుగా కాపీ చేస్తే, ఒక్కో ఫైలు ఒక్కో క్షణానిదై, ఆ కాపీ పనికిరాకుండా పోవచ్చు. పోస్ట్‌గ్రెస్ నుంచి డంప్ తీసే పీజీ డంప్ అనే కమాండ్ ఇచ్చే అవుట్‌పుట్‌ను పైప్ ద్వారా నేరుగా రెస్టిక్‌కు పంపడం మంచి పద్ధతే గానీ, అందులో ఒక ప్రమాదం ఉంది: డంప్ మధ్యలో ఆగినా, అందినంతవరకే పూర్తి బ్యాకప్ అనుకుని రెస్టిక్ దాచేస్తుంది. డంప్ కమాండ్‌ను రెస్టిక్ తానే నడిపి, అది విఫలమైతే స్నాప్‌షాట్ చేయకుండా ఆగే ఆప్షన్ 0.17లో చేరింది. నాకు ఈ ఒక్క సదుపాయం కోసమే పాత వెర్షన్‌ను వదిలేయవచ్చనిపిస్తుంది. డంప్‌ను ఎక్కించే ముందు సగం మారిన డేటాబేస్‌ను పూర్తిగా తీసేసి, అదే పేరుతో కొత్తది సృష్టించాను. లేకుంటే పాత టేబుళ్లు, కొత్త టేబుళ్లు కలగాపులగమయ్యేవి.

రెస్టిక్‌లో పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, తిరిగి రాబట్టే దారి లేదు. నా పాస్‌వర్డ్ ఫైలు అదే సర్వర్‌లో ఉండేది; ఈసారి డిస్క్ నిండడంతో సరిపోయింది గానీ, డిస్క్ పాడై ఉంటే బ్యాకప్ వేరే చోట భద్రంగా ఉన్నా తెరవలేకపోయేవాణ్ని. ఒకే రిపాజిటరీకి (రెస్టిక్ బ్యాకప్‌లు దాచే చోటుకు) ఎన్ని తాళాలైనా పెట్టుకోవచ్చు కనుక, మర్నాడే రెండో తాళాన్ని చేర్చి, దాని పాస్‌వర్డ్‌ను సర్వర్‌కు సంబంధం లేని చోట కాగితం మీద రాసి పెట్టాను.