"పేరు ప్రింటు ఫ్రీ" అంటూ ట్రైసూట్ అమ్ముతున్న పేజీతో జాగ్రత్త, బెజవాడ, గుంటూరు వాళ్లు తప్పకుండా చదవండి

గోవా హాఫ్ ఐరన్‌మ్యాన్‌కి (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే రేసు) ప్రిపేర్ అవుతున్న మనవాళ్లు ట్రైసూట్ (ఆ మూడింటికీ వేసుకునే ఒకే సూటు) ఆర్డర్ పెట్టేముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇన్‌స్టాలో ఒక పేజీ మన సైక్లింగ్, రన్నింగ్ గ్రూపుల్లో వాళ్లందరికీ మెసేజ్‌లు పెడుతోంది, "లాంగ్ డిస్టెన్స్ స్పెషల్ ట్రైసూట్, మీ పేరు, మీ క్లబ్ లోగో ప్రింటు ఫ్రీ" అని. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. వాళ్లు అమ్మే పద్ధతి మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపు పేరు మార్చి ఇంకో పేజీ తెరిచినా పద్ధతి ఇదే ఉంటుంది.

ఫోన్‌లో చాలా మర్యాదగా మాట్లాడతారు. "ఏ రేసు సర్? గోవానా? అయితే మా ఎండ్యూరెన్స్ మోడల్ తీసుకోండి సర్, ఎనిమిది గంటల ప్యాడ్ అది" అన్నాడు నాతో మాట్లాడినతను. ప్యాడ్ అంటే సైకిల్ సీటు ఒత్తుకోకుండా సూటు లోపల కుట్టే మెత్త. 7,400 రూపాయలు మొత్తం ముందే కట్టాలి, అదీ ఎవరో వ్యక్తి పేరు మీద ఉన్న యూపీఐకి. నాకు పేరూ వద్దు, లోగో వద్దు, ప్లెయిన్‌ది ఇవ్వండి అని అడిగాను. "ప్లెయిన్‌లో స్టాక్ లేదు సర్, ప్రింటుకి మేమేం తీసుకోవట్లేదు కదా" అన్నాడు. అసలు మెలిక అంతా ఇక్కడే ఉంది. పేరు పడగానే అది కస్టమ్ సరుకు అయిపోతుంది, కస్టమ్ సరుకు వెనక్కి తీసుకోం అనేస్తారు. అంటే ఆ ఫ్రీ ప్రింటు మన ముచ్చట తీర్చడానికి కాదు, రిటర్న్ అనే మాట ఎత్తకుండా మన నోరు కట్టేయడానికి. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ల పేజీ మొత్తంలో పేరు లేని సూటు ఒక్కటి కూడా లేదు.

చివరికి వాళ్లు చెప్పినట్టే డబ్బు కట్టాను, పార్సిల్ వచ్చింది. ఫొటోలో ఉన్న సూటుకీ చేతికొచ్చిన సూటుకీ రంగు తప్ప ఏదీ కలవలేదు. మెడ వెనక లేబుల్ కత్తిరించేసి ఉంది. ఏ గుడ్డ, ఎక్కడ తయారైంది, ఎవరు తెప్పించారు, ఎమ్మార్పీ ఎంత, కవరు మీద కూడా ఒక్క ముక్క లేదు. బయటి దేశం సరుకని అమ్మేటప్పుడు దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, అడ్రసు, ఏ దేశంలో తయారైందో ప్యాకెట్ మీద ఉండి తీరాలి, అది చట్టం.

ఇక ప్యాడ్. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే కొత్తగా దిగినవాళ్లని మోసం చేసేది దీంతోనే. ట్రైసూట్ ప్యాడూ మనం రోజూ వేసుకునే సైకిల్ షార్ట్స్ ప్యాడూ ఒకటి కావు. హాఫ్ రేసులో 1.9 కిలోమీటర్లు ఈది, ఆ తడి బట్టతోనే 90 కిలోమీటర్లు తొక్కి, మళ్లీ దాంతోనే 21.1 కిలోమీటర్లు పరిగెత్తాలి. అందుకని ప్యాడ్ పల్చగా ఉండాలి, నీళ్లు పట్టుకోకుండా వెంటనే వదిలేయాలి, పరిగెత్తేటప్పుడు కాళ్ల మధ్య ఏదో ఉందన్న ధ్యాసే రాకూడదు. వీళ్లేమో "ఎనిమిది గంటలు" అని చెప్పి వేలెడు మందం ప్యాడ్ కుట్టి పంపారు. చేత్తో నొక్కితే మెత్తగా, భలే ఉంటుంది, అందుకే చూడగానే మంచిదే అనిపిస్తుంది. పూల్‌లో వేసుకుని ఈది ఇంటికొచ్చి దండెం మీద ఆరేశాను. దాని పక్కనే వేసిన తువ్వాలు ఆరిపోయింది, ప్యాడ్ మాత్రం పిండితే ఇంకా నీళ్లు కారుతున్నాయి. మన ఎండలో, అంతసేపటి తర్వాత.

అయినా రేసులో ఎలా ఉంటుందో తెలియాలి కదా అని ఆదివారం తెల్లవారుజామున సూటు తడిపి వేసుకుని కరకట్ట మీదుగా ఉండవల్లి దాటి అమరావతి రోడ్ల వైపు లాంగ్ రైడ్‌కి వెళ్లాను. వెంకటపాలెం దాటేసరికే మొదలైంది. ప్యాడ్ అంచు దగ్గర కుట్టు గట్టిగా లేచి ఉంది, పెడల్ తొక్కిన ప్రతిసారీ అది తొడ లోపల ఒకేచోట ఒరుసుకుంటోంది, దానికి తోడు తడి, ఆ తడిలో చెమట ఉప్పు. వ్యాజిలీన్ ముందే రాసుకున్నాను, తడిసిన ఫోమ్ దాన్ని మొత్తం తుడిచేసింది. రైడ్ అయ్యాక కొంచెం దూరం పరిగెత్తి చూద్దామని దిగితే అడుగు వేయడమే కష్టమైంది. ఇంటికెళ్లి స్నానానికి నీళ్లు పోసుకున్నప్పుడు పట్టపగలే చుక్కలు కనిపించాయి. తోలు లేచిపోయింది, మానేదాకా సైకిల్ ఎక్కలేదు, రేసు దగ్గర పడుతుంటే ట్రైనింగ్ ఆగిపోయిన టెన్షన్ వేరే.

గవర్నర్‌పేటలో స్పోర్ట్స్ డ్రెస్సులు కుట్టే ఒక పెద్దాయన ఉన్నారు, ఆయనకి చూపించాను. బ్లేడుతో ప్యాడ్ చివర నాలుగు కుట్లు విప్పి లోపలి ముక్క బయటికి లాగి, "ఇది బ్యాగుల్లో వేసే ఫోమండి, ఒంటికి వేసేది కాదు" అన్నారు. తర్వాత సూటు తిరగేసి పక్క కుట్ల మీద బొటనవేలు పెట్టి చూపించారు, "ఓవర్‌లాక్ కొట్టి వదిలేశారు, ఇలా గట్టు లేస్తుంది, ఒంటిని పట్టి ఉండే గుడ్డకి ఫ్లాట్‌గా పడాలండి కుట్టు." నిజమే, నా పాత సైకిల్ షార్ట్స్ తిరగేసి చూస్తే కుట్టు గుడ్డతో సమానంగా, చేతికి తగలకుండా ఉంది. ఇది అందరూ ఇంట్లో చూసుకోగలిగిన పరీక్షే. కళ్లు మూసుకుని సూటు లోపలి వైపు చెయ్యి పోనివ్వండి, మీ వేలికి తగిలిన ప్రతి గట్టూ రేసులో మీ ఒంటికి తగులుతుంది.

జిప్ ఇంకో కథ. లాంగ్ డిస్టెన్స్ సూటుకి ముందు జిప్ ఉండటం మంచిదే, గోవా వేడిలో పరిగెత్తేటప్పుడు కొంచెం కిందికి లాగితే గాలి ఆడుతుంది. కానీ ఆ జిప్‌కి లాక్ ఉండాలి, మనం ఎక్కడ ఆపితే అక్కడ ఆగాలి. దీనికి లాక్ లేదు. సైకిల్ మీద హ్యాండిల్ బార్ పట్టుకుని ముందుకు వంగగానే అదే జారుకుంటూ కిందికి పోతోంది. పైన జిప్ కొసకి గుడ్డ కప్పు కూడా లేదు, ఈదేటప్పుడు ఊపిరికి తల తిప్పిన ప్రతిసారీ ఆ కొస మెడకి గీసుకుంటుంది. పూల్‌లోనే మెడ మీద ఎర్రగా గీత పడింది, అదే సముద్రపు ఉప్పునీళ్లలో అయితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. వెనక జేబులకి నీళ్లు పోయే జాలీ లేదు, పూల్ గోడని కాళ్లతో తోసుకుని వచ్చిన ప్రతిసారీ అవి సంచుల్లా నిండిపోయి వెనక్కి లాగుతున్నాయి.

గుడ్డ సంగతి కూడా చెప్పాలి. ఇలా ఒళ్లంతా రంగు ప్రింటు వేసేది మామూలుగా తెల్ల పాలిస్టర్ సాగే గుడ్డ మీదే. దాన్ని తప్పనను, మంచి కంపెనీలు కూడా కస్టమ్ సూట్లు అలాగే చేస్తాయి. కానీ నాసిరకం పల్చటి గుడ్డ అయితే తొడ దగ్గర సాగినచోట నలుపు విచ్చుకుని లోపలి తెలుపు బయటపడుతుంది, తడిస్తే లోపల ఏముందో కనిపిస్తుంది. ట్రైసూట్ లోపల ఇంకేమీ వేసుకోం కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మా చెల్లి కూడా వాళ్ల దగ్గరే లేడీస్ మోడల్ తీసుకుంది. తన పరిస్థితి నాకంటే ఘోరం. మగవాళ్ల ప్యాడే, మగవాళ్ల కటింగే, నడుము దగ్గర మాత్రం కొంచెం లోపలికి పట్టి కుట్టారు. ఆడవాళ్లకి కూర్చునే ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ ఉంటుంది, అందుకే వాళ్ల ప్యాడ్ ఆకారమే వేరుగా చేస్తారు. పైగా అన్ని గంటల రేసులో బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తే ఈ సూటు భుజాల నుంచి మొత్తం విప్పుకోవాలి, తడి ఒంటి మీద చేతులున్న సూటు విప్పి మళ్లీ ఎక్కించడం అంటే ఎంత నరకమో తెలిసినవాళ్లకి తెలుసు. ఆడవాళ్ల కోసం వెనక నడుము దగ్గర విడిగా జిప్ ఇచ్చే కంపెనీలున్నాయి, లేదంటే పైదీ కిందిదీ విడివిడిగా ఉండే జత తీసుకోవచ్చు. అక్కలూ, చెల్లెళ్లూ, మీరు ఆర్డర్ పెట్టేముందు ఈ ఒక్క విషయం గట్టిగా అడగండి. మా చెల్లి అడిగితే "అవన్నీ ప్రొఫెషనల్స్‌కి మేడమ్" అన్నాడట. నాకు బాగా కోపం తెప్పించిన మాట ఇదే. మొదటిసారి దిగే మనిషికి అన్నీ సరిగ్గా ఉండాల్సిన అవసరం ఇంకా ఎక్కువ.

సూటుతో ఆగరు, దాంతోపాటు వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూటు) కూడా అంటగడతారు. "గోవా సముద్రంలో వెట్‌సూట్ లేకపోతే స్విమ్ కటాఫ్ దాటలేరు సర్" అని, అంటే ఈతకి ఇచ్చిన టైములోపు పూర్తి చేయలేరని భయపెట్టారు. పచ్చి అబద్ధం. ఐరన్‌మ్యాన్ రూల్స్ ప్రకారం నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ వేసుకున్నవాళ్లకి ఏజ్ గ్రూప్ (వయసు వారీ) బహుమతులు ఉండవు, 28.8 దాటితే అసలు వేసుకోనివ్వరు. గోవా నీళ్లు వెచ్చగా ఉంటాయి, అక్కడ ఈదేది వెట్‌సూట్ లేకుండానే. కృష్ణలో, పూల్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లకి దాంతో అస్సలు పనిలేదు. చలి దేశంలో రేసుకి వెళ్లేవాళ్లయితే అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఈ మాట నమ్మి మన గుంటూరు తమ్ముడొకడు రెండూ కలిపి కట్టేశాడు, వాడి కష్టార్జితం అది.

ఎవరి దగ్గర కొన్నా సరే, డబ్బు కట్టకముందే ప్యాడ్ లోపలి వైపు, కుట్ల దగ్గర, జిప్ కొస దగ్గర వీడియో తీసి పంపమనండి. పంపకపోతే వదిలేయండి. గుడ్డలో ఎలాస్టేన్ (సాగే దారం) ఎంత శాతమో అడగండి, సమాధానం "ఇంపోర్టెడ్ క్వాలిటీ సర్" అని వస్తే వాళ్లకీ తెలియదని అర్థం. సైజు నిలబడి కాదు, సైకిల్ మీద వంగి కూర్చుని చూసుకోవాలి, నిలబడితే భుజాల దగ్గర కొంచెం లాగినట్టుండి వంగితే సరిగ్గా కూర్చునేదే మన సైజు. నిలబడినప్పుడే హాయిగా ఉంటే నీళ్లలో వదులై నీళ్లు పడతాయి. పేరు, లోగో కావాలంటే ముందు అదే మోడల్ ప్లెయిన్‌ది తెప్పించుకుని తడి బట్టతో ఒక లాంగ్ రైడ్ చేసి, బాగుంటే అప్పుడు ప్రింటుకి ఇవ్వండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి, 15 అక్షరాలుంటాయి, మన ఆంధ్ర రిజిస్ట్రేషన్ అయితే 37తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో వచ్చేస్తుంది. నాకు పంపిన "బిల్లు"లో ఆ నంబరే లేదు.

కస్టమ్ కాబట్టి రిటర్న్ లేదు అంటే ఊరుకోకండి. లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పే. సైజు నచ్చలేదు అనడం వేరు, సరుకులో లోపం ఉంది అనడం వేరు, మీరు రాసేటప్పుడు లోపం ఏంటో స్పష్టంగా రాయండి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, నేను అక్కడే మొదలుపెట్టాను. కంప్లైంట్ నంబరు పడి నోటీసు వెళ్లాక ఆ పేజీ వాళ్ల గొంతు మారింది, సగం డబ్బు ఇస్తాం, పోస్టులు పెట్టొద్దు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, మనం ఉంటున్న ఊళ్లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టుకోవచ్చు.

ఇప్పటికే ఆ పేజీకి డబ్బు కట్టినవాళ్లు చాట్ డిలీట్ చేయకండి, యూపీఐ స్క్రీన్‌షాట్, పార్సిల్ కవరు, విప్పేటప్పుడు తీసిన వీడియో అన్నీ దాచిపెట్టండి, ఎవరి కంప్లైంట్ వాళ్లు విడిగా వేయండి. పేజీ పేరు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, చెప్తాను. రేసు దగ్గర పడి సూటు లేనివాళ్లు కంగారుపడి ఇంకో పేజీ వెంట పడొద్దు, దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని, వేసుకుని చూసి ట్రై షార్ట్స్ ఒకటి, ఒంటికి పట్టే టాప్ ఒకటి తీసుకోండి. రూల్స్ దానికి ఒప్పుకుంటాయి. నేను కూడా ఈసారి గోవాకి వాటితోనే వెళ్తున్నాను.